రూతమ్మ గారు రాయని మంగళవారం

నిన్న పెన్నులో సిరా పోస్తుంటే రెండు చుక్కలు వేలిమీద పడ్డాయి. ఆ వాసన తగలగానే రూతమ్మ గారు గుర్తొచ్చారు. ఆమె చూపుడువేలికి ఎప్పుడూ నీలి మరక ఉండేది. డెబ్బైలలో విజయవాడలోని ఒక చిన్న మిషన్ బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్, నేను ఒకటో తరగతికి టెంపరరీ టీచర్ని. ఆమె సంచిలో ఒక నల్ల అట్ట పుస్తకం ఉండేది. దేవుడు ఆ రోజు తనపట్ల చూపిన నమ్మకత్వాన్ని రోజుకొక్క వాక్యంలో అందులో రాసుకునేవారు. వేళాపాళా లేదు, బస్టాపులో నిలబడి కూడా రాసేవారు. నాకు అదంతా చాదస్తంగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ‘బస్సు దొరికితే దేవుడి దయ అని రాస్తారు, దొరక్కపోతే ఏం రాస్తారండీ?’

‘దొరకలేదనే రాస్తానమ్మా’ అని పేజీ తిప్పి చూపించారు. ‘బస్సు రాలేదు. మోకాళ్ళు నొప్పి. నడిచి వచ్చాను’ అని ఉంది. అది దేవుడి గొప్ప ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

నాది పుట్టుకతో వచ్చిన అనుమానం. తాడు కనబడితే పామే అనుకునే రకం. ఆ పుస్తకాన్ని అనుమానించడానికి నాకు కారణం కూడా ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం రూతమ్మ గారి వసారాలో స్త్రీల కూడిక జరిగేది. ఆ పుస్తకం చేతులు మారేది. ఆ వారం ఎవరి చేతికొస్తే వాళ్ళు ఆ వారపు పేజీ పైకి చదవాలి, ఒక్కో వాక్యానికి అందరూ ‘స్తోత్రం’ అనాలి. ఆ తర్వాత ప్రార్థన మనవులు. పక్కింటివాళ్ళ గుట్టు ఊరికే చెబితే చాడీ, అదే గుట్టు ‘వాళ్ళకోసం ప్రార్థించండమ్మా’ అని చెబితే భక్తి. సోమవారానికల్లా ఆ గుట్టు పేటంతా తెలిసిపోయేది.

నా దగ్గరా ఒక గుట్టు ఉంది. మంగళగిరిలో మా అమ్మకు క్షయ. క్షయ ఉన్న ఇంటినుంచి వచ్చే మనిషిని పసిపిల్లల దగ్గర ఎవరు ఉంచుతారు? అప్పటికి నాన్న లేరు, మా ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం. బడి మేనేజరు గారి భార్య కాంతమ్మ గారు ఒక్క శుక్రవారం కూడా కూడిక మానేవారు కారు.

బడికి సెలవైన ఒక మంగళవారం అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. క్షయ రోగుల వరసలో నిలబడి ఉండగా ఎదురుగా రూతమ్మ గారు. ఎవరో బంధువును చూడటానికి వచ్చారట. అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు చూశారు, నా చేతిలో చీటీ చూశారు.

‘అమ్మకెలా ఉంది సుగుణా?’

‘అమ్మకేమండీ, బానే ఉంది. కాస్త జలుబు.’

ఆమె తలాడించారు. పది అడుగులు వేసి, మెట్ల దగ్గర ఆగి, సంచిలోంచి పుస్తకం తీసి ఏదో రాశారు. ‘అయిపోయింది, శుక్రవారం చదివేస్తారు’ అనుకున్నాను. మూడు రోజులు ఆమెను తప్పించుకు తిరిగాను. ఎదురుపడి ఆమె నవ్వినా నటన అనిపించింది.

శుక్రవారం వచ్చింది. పుస్తకం సరిగ్గా కాంతమ్మ గారి చేతికే చేరింది. సోమవారం వాన కురిసినా బడి కప్పు కారలేదట. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత కాంతమ్మ గారు ఆగిపోయారు.

‘ఇదేంటండీ, మంగళవారం తారీఖేసి వదిలేశారు?’

‘ఆ రోజు సంగతి నాది కాదండీ’ అన్నారు రూతమ్మ గారు.

‘మరి ఎవరిది? ఆ రోజేగా మా రిక్షా అతను సుగుణనీ వాళ్ళమ్మనీ ఆసుపత్రి దగ్గర చూసింది. ఏం జబ్బో చెబితే ప్రార్థించుకుంటాంగా?’

వసారాలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు.

‘వాళ్ళమ్మే వచ్చి చెబితే విందామండీ’ అన్నారు రూతమ్మ గారు. ‘బుధవారం చదవండి.’

అందరూ వెళ్ళాక కూడా నా అనుమానం తీరలేదు. దాచిన మాట ఎప్పటికైనా పనికొస్తుందని ఉంచుకున్నారేమో! అదే అడిగేశాను. ఎందుకు రాయలేదండీ అని.

‘రాస్తే శుక్రవారం చదువుతారు కదమ్మా’ అన్నారు, పాటల పుస్తకాలు సర్దుతూ. తర్వాత నావైపు తిరిగి, ‘నువ్వు ఎక్స్‌రే తీయించుకున్నావా?’ అన్నారు.

‘తీయించుకున్నానండీ. ఏమీ లేదన్నారు.’

‘అయితే సోమవారం పిల్లల దగ్గరికెళ్ళు. ఆర్నెల్లకోసారి మళ్ళీ తీయించుకో. ఆ మాట మాత్రం నా దగ్గర దాచకు.’

అప్పుడు ఏడ్చాను. కృతజ్ఞతో సిగ్గో చెప్పలేను, రెండూ ఉన్నాయి.

ఏడాదిన్నర మందులు మింగి అమ్మ కోలుకుంది. నా ఉద్యోగమూ ఖాయమైంది. రూతమ్మ గారి దగ్గరికి పరుగున వెళ్ళి, ‘ఇప్పుడు ఆ మంగళవారం నింపండి, ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?’ అన్నాను.

‘అమ్మ రాయమందా?’

అడగాలని నాకు తోచనేలేదు. ఇంటికెళ్ళి అడిగితే అమ్మ, ‘నేను దేవుడితో చెప్పుకున్నా. కాంతమ్మ గారితో చెప్పుకోలేదుగా’ అంది. ఆ మాట చేరవేస్తే రూతమ్మ గారు చాలాసేపు నవ్వి పెన్ను మూత పెట్టేశారు. ఆ మంగళవారం అలాగే ఉండిపోయింది.

నా అనుమానం ఈ వయసులోనూ పోలేదు. కూడికలో ఎవరైనా ఇంకొకరి జబ్బు గురించి మనవి చెబితే నేను కళ్ళు మూసుకోను, చెప్పేవాళ్ళ మొహం చూస్తాను. కానీ నేనూ రోజుకో వాక్యం రాస్తున్నాను. ఆ రోజు మేలు ఇంకొకరిదైతే తేదీ వేసి వదిలేస్తాను. అలాంటి తేదీలు ఇప్పుడు చాలా పోగయ్యాయి. కొన్ని ఎవరివో నాకే గుర్తులేదు. గుర్తుంచుకోవలసినవాడు మరిచిపోడని, ఆ ఒక్క విషయంలో మాత్రం, అనుమానించకుండా నమ్ముతాను.