ఇంజను నీళ్ల టీ

సాయంత్రం ఇస్త్రీ పని ముగించుకుని మస్తానన్న పెట్టెలోని నిప్పుల మీద చెంబుతో నీళ్లు చల్లినప్పుడల్లా మా వీధి మొదట్లో బుస్సుమని ఒక వాసన లేస్తుంది. తడిసిన బొగ్గు వాసన. చీరల కోసం పోయిన నాకు ఆయన రోజూ స్టూలు జరిపి "కూర్చో అక్కా" అంటాడు. నేను కూర్చోను. కాలు ఒకచోట నిలవదని మా ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. అన్నం నిలబడి తింటానని, పెళ్లికి పోతే తాళి కట్టకముందే తిరుగు బస్సు ఎప్పుడని అడుగుతానని. నిజమే. నేను పెరిగిన ఇల్లు అలాంటిది మరి. బొగ్గు ఇంజను నీళ్లు తాగేంతలో మా బతుకంతా జరిగిపోవాలి.

మాది గుమ్మఘట్ట వైపు పల్లె. ఊరికి ఎడంగా, ఎర్రమట్టి చేల మధ్య, మీటరుగేజీ పట్టాల పక్కన ఒక చిన్న స్టేషను, దానికెదురుగా రేకుల కప్పుతో మా హోటలు. హోటలంటే మరీ పెద్దగా ఊహించుకోకండి: రెండు బల్లలు, ఒక మట్టిపొయ్యి, ఒక పెద్ద ఇనప బాణలి. దొరల కాలంలో ఈ లైను వేసినప్పుడు, ఇంజన్లు ఎక్కడో ఒకచోట ఆగి దప్పిక తీర్చుకోవాలి గనుక ఎండిపోని బావి కోసం వెతికారట; మా చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా బండే తగులుతుంది గానీ, మా ఊరి బయట మాత్రం నీళ్లు పడ్డాయట. ఆ బావి పక్కన ఎత్తుగా ఒక ట్యాంకు, అందులోంచి ఇంజను మీదికి వంగే లావాటి గొట్టం. దాన్ని మేమంతా తొండం అనేవాళ్లం. తొండం ఉంది కాబట్టి బండి ఆగేది, బండి ఆగేది కాబట్టి మా తాత హోటలు పెట్టాడు. తాత పోయాక నాయనమ్మ నడిపింది. ఆమెను మేము జేజి అని పిలిచేవాళ్లం. ఆమెకు చేతకానప్పటి నుంచి నాయన, అమ్మ.

సిగ్నలు చెయ్యి వాలిందంటే మా ఇంట్లో పూనకమే. అమ్మ బాణలి కింద చెనిక్కాయల పొట్టు ఎగదోసేది, మిరపకాయలు శెనగపిండిలో మునిగి నూనెలో బుడబుడమని తేలేవి, జేజి తడిపి పిండిన బొరుగులను ఉల్లిపాయల తిరగమోతలో వేసి ఉగ్గాణి కలిపి పైన పుట్నాలపొడి చల్లేది, నేనూ తమ్ముడూ మోదుగాకులు తుడుస్తూ ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకునేవాళ్లం. ఉగాదినాడు కూడా అంతే. ఓళిగ మీద నెయ్యి వేసి జేజి ఇంకా చెయ్యి తీయకముందే స్టేషను గంట మోగేది. నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని అందరం లేచేవాళ్లం. మా నాయన కుదురుగా కూర్చుని తినగా నేను చూడలేదు. నాలుగు ముద్దలు, ఒక చెంబు నీళ్లు, భుజం మీద తువ్వాలు, పరుగు.

ఆ పరుగు ఇంజను దగ్గరికి. ఒక చేతిలో ఉగ్గాణి బజ్జీ పొట్లం, ఇంకో చేతిలో ఇత్తడి బిందె. పొట్లం పైన డ్రైవరు చేతికి పోయేది, ఇంజనులో కాగిన నీళ్లతో బిందె పొగలు కక్కుతూ కిందికి వచ్చేది. తాత నాటి నుంచి అదే ఒప్పందం. ఆ నీళ్లతో చిటికెలో టీ. అందులో కొంచెం ఇనుము రుచి, కొంచెం నూనె వాసన. ధర్మవరం పట్టుచీరల మూటలవాళ్లు, బెళుగుప్ప చెనిక్కాయల వ్యాపారులు మొదటి గుక్కకు మొహం చిట్లించి, మళ్లీసారి వచ్చినప్పుడు కిటికీలోంచి తలలు బయటపెట్టి "ఇంజను టీ యాడప్పా?" అని అరిచేవాళ్లు. వానలు ముఖం చాటేసిన ఏడు ఊళ్లో బావులన్నీ అడుగంటితే, తొండం కింద కారే చుక్కల కోసం ఆడవాళ్లు కడవలతో బారులు తీరేవాళ్లు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు పొగ లేకుండా బండి వచ్చింది. నాయన అలవాటుగా పొట్లం, బిందె పట్టుకుని ముందుకు పరుగెత్తి బిందె పైకెత్తాడు. డ్రైవరు కిటికీలోంచి వింతగా చూశాడు.

"వేడినీళ్లా? ఇది డీజిలు బండప్పా. దీనికి నీళ్లతో పనేముండాది?"

ఆ మాట పూర్తయ్యేలోపే బండి కదిలింది. ఎత్తిన బిందె ఎత్తినట్టే ఉంది. బాణలిలో బజ్జీలు తేలుతూనే ఉన్నాయి.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బండి ఇలా ఆగి అలా పోయేది. తలుపు దగ్గరున్నవాళ్లు తప్ప ఎవరూ దిగేవాళ్లు కాదు. అమ్మ, నాయన వాదించుకోవడం అప్పుడే మొదటిసారి విన్నాను.

"బండి నిలబడకుంటే మనం ఎన్నాళ్లు నిలబడతాం? రోడ్డు కాడికి పోదాం రా. బస్సులన్నా నిలబడతాండాయి" అంది అమ్మ.

"మన ఇంజను మల్లా వస్తాది. మా నాయన పెట్టిన పొయ్యి. నేను ఆర్పను" అన్నాడు నాయన.

మాకున్నది ఒకటే బాణలి. అది ఎక్కడుంటే హోటలు అక్కడే. ఒకరోజు నాయన ప్లాట్‌ఫారం మీద బండి కోసం ఎదురుచూస్తుండగా, అమ్మ నూనె వంపేసి, మసిబారిన బాణలిని నెత్తికెత్తుకుని రోడ్డు వైపు నడిచింది. జేజి అడ్డుపడుతుందని భయపడ్డాను, తన మొగుడు పెట్టిన హోటలు గదా! జేజి గంటె తీసుకుని అమ్మ వెనకే బయలుదేరింది.

"పొయ్యిదేముందమ్మీ, మూడు రాళ్లు. తినేటోళ్లు యాడుంటే ఆడ పెట్టుకోవాల" అంది.

నేను రోడ్డు దాకా పరుగెత్తాను, మళ్లీ స్టేషనుకు పరుగెత్తాను, ఇద్దరిలో ఎవరి దగ్గర ఉండాలో తెలియక. సాయంత్రానికి నాయన ఖాళీ బిందెతో రోడ్డు కాడికి వచ్చాడు. అమ్మ ఉగ్గాణి పెట్టి "కూర్చో. ఈ బస్సు పోతే ఇంకోటి వస్తాది" అంది. నాయన నిలబడే తిన్నాడు, పట్టాల వైపు చూస్తూ.

రోడ్డు మీద హోటలు బాగానే నడిచింది. అయినా బండి వేళకు నాయన కాళ్లు ఆగేవి కావు. బిందె కడిగి చంకన పెట్టుకుని స్టేషనుకు పోయేవాడు. "ఏమన్నా, నీళ్లు దొరికినాయా?" అని ఊరివాళ్లు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

కొన్నేళ్లకు బ్రాడ్‌గేజీ పెద్ద లైను మా ఊరిని తాకకుండా దూరంగా పోయింది. పాత పట్టాలు పీకారు. తొండాన్ని కోసి లారీకెత్తిన రోజు నాయన పెందలాడే తిరిగొచ్చి, బిందెను బల్ల కింద బోర్లించి, బల్ల మీద కూర్చున్నాడు. అమ్మ ఉగ్గాణి పెట్టింది. ఆయన ఒక్కో మిరపకాయ ముక్కనూ పక్కకు ఏరి పెడుతూ, నింపాదిగా, నీళ్లు కూడా అడగకుండా తిన్నాడు.

"ఏం, కారమైందా?" అంది అమ్మ.

"లేదు. ఇంక తొందరేముండాది?"

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. నేను హోటలు వెనక్కి పోయి, వెక్కి వెక్కి ఏడ్చాను. మా నాయన మెల్లగా తినడం చూడలేకపోయాను.

ఇప్పుడు ఆ స్టేషను చోట సర్కారు తుమ్మ పెరిగింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ హోటలూ పోయింది. నాయన లేడు, అమ్మ లేదు. బిందె ఏమైందో ఎవరికీ తెలియదు. మస్తానన్న చల్లిన నీళ్లకు బొగ్గులు బుస్సుమంటాయి, నేను చీరలు చంకన పెట్టుకుంటాను.

"కూర్చో అక్కా, తొందరేముండాది?"

"ఉండాదిలే అన్నా, నాకింకా ఉండాది."