గోడ చూసినవా బిడ్డా?

పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన నెల కంచన్‌బాగ్ నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందక్కా" అని, "నిన్న గూడ మీ గోడ ముచ్చటే అడిగింది" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకు వచ్చింది భయం.

ఆమె మాకు చుట్టం కాదు. కార్వాన్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, ఎప్పుడో రాయీ సున్నంతో కట్టింది. అటు ఆమె పెరడు, ఇటు నా పెరడు. అదే గోడ ముందుకొచ్చి మా పాప గదికి గోడయింది. పాప మంచం ఆ గోడకే ఆనుకుని ఉండేది.

నేను కాపురానికొచ్చిన కొత్తలో కుండీలన్నీ గోడ వెంట వరసగా పెట్టి మురిసిపోయాను. గోడ మీద నుంచి ఆమె తల లేచింది. "ఏందే గది? మొక్కలకు పోస్తున్నవా, గోడకు తాపుతున్నవా?" చుట్టూ తిరిగి మా ఇంట్లోకే వచ్చేసి, ప్రతి కుండీనీ గోడకు జానెడు దూరం జరిపించింది. కింద రెండేసి ఇటుకలు పెట్టించింది. నీళ్లు మోరీలోకి పోయేలా నేల వాలు చేయించింది. నాకు ఒళ్లు మండింది. మరునాడు మళ్లీ వచ్చి, "వేలు రెండు కణుపులు మట్టిల దించు. తడి తగిల్తే చెంబు కింద పెట్టు" అంది. పూత అయిపోయిన మల్లెను నా కళ్ల ముందే కసకసా కత్తిరించింది. మరుసటి ఎండాకాలం ఆ మల్లె విరగబూసింది. అప్పట్నుంచి ఆమె ఏం చెప్పినా నోరు మూసుకుని చేశాను.

పొద్దున చాయ్ కంటే ముందు ఆమె గోడ చూసేది, పిల్లల తలలో పేలు చూసినట్టు, కింది నుంచి పైదాకా. పావురాలు రెట్ట వేసిన చోటల్లా రావి మొలుస్తుంది కదా. రెండాకుల మొలక కనబడితే పగులు తడిపి, దండం పెట్టి, "నిన్ను చంపుతలేను తల్లీ, ఇల్లు మారుస్తున్న" అని పిన్నుతో వేరుతో సహా లాగేది. దాన్ని పాత రంగు డబ్బాలో నాటి, కాస్త ఎదిగాక గుడి దగ్గరి ఖాళీ జాగాలో పెట్టి వచ్చేది. పగుల్లో సున్నం, ఇటుక పొడి కూరేది. రావిని ముట్టుకుంటే పాపమని మా అత్త లొల్లి చేస్తే, "పాపం నాకు రానియ్యి వదినె, గోడ నీకుండనియ్యి" అంది.

ఆమె చిన్నప్పుడు వానకు గోడ కూలి చెల్లెలు పోయింది. ఒక్కసారే చెప్పింది. "నీడ మంచిగుందని గోడల మొల్చిన రావి కిందనే ఆడుకునేటోళ్లం బిడ్డా. ఏరు కనవడదు, ఆకు కనవడ్తది. రెండాకులప్పుడే భయపడు. ఎన్కకు భయపడితే ఏం ఫాయిదా?"

ఒంట్లో బాగాలేక కంచన్‌బాగ్‌లో కొడుకు క్వార్టర్‌కు వెళ్లాక, ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "గోడ చూసినవా?"

"చూసిన పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు."

చూడలేదు. ఒక్కరోజు కూడా చూడలేదు. బట్టలు ఆరేసి తలుపు వేసుకునేదాన్ని.

ఆఖరి చూపు చూసి వచ్చిన సాయంత్రం, సన్నగా వాన పడుతుంటే పెరట్లోకి వెళ్లాను. సొరతీగ చాటున రావి, మూరెడు ఎత్తున, నా వేలంత కాండంతో నిలబడి ఉంది. పెరటి గోడ పాప గదిలోకి పోయే చోట, సరిగ్గా మంచం పక్కనే. ఆమె అన్న మాటే అని, దండం పెట్టి లాగాను. టక్‌మంది. కాండంతో కాస్త వేరు వచ్చింది. మిగతాదంతా గోడలోనే ఉండిపోయింది.

మేస్త్రీ భాయ్ వచ్చి సుత్తి పిడితో కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు. "వానలు తగ్గినంక ఇప్పి కడదాం అమ్మా. అందాక బిడ్డను ఆడ పండవెట్టకుండ్రి." ఆ పూటే మంచం వేరే గదిలోకి జరిపాం. ఇప్పుడు మబ్బు పట్టిందంటే చాలు, వెళ్లి ఆ గది తలుపు గడియ పెడుతున్నాను.

నా చేతికి వచ్చిన రావి ముక్కను రంగు డబ్బాలో నాటాను. బతికింది. ఇవాళ పొద్దున చాయ్ పెట్టకముందే పెరట్లోకి వెళ్లి, గోడను కింది నుంచి పైదాకా చూశాను.

"చూసిన పెద్దమ్మా" అన్నాను, పైకే.

విరిగిన చోట, పగుల్లోంచి, ఎర్రగా రెండాకులు.