వంటింటి దాకా బెల్లు వైరు

వికారాబాద్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి నాకు సీట్లో కుదురు లేదు. మరునాడే తాండూరులో ఒక కిరాణా సేటు కొత్త ఇంటికి ప్లాస్టరింగ్ మొదలు. కెమెరాలకు, ఇంటర్నెట్‌కు, కాలింగ్ బెల్లుకు వేసే సన్న వైర్ల పని నాది. వాటి పైపులు కరెంటు పైపులకు దూరంగా, గోడ మూసుకోకముందే పడాలి. సేటేమో ఫోన్లో పూటకో మాట మారుస్తున్నాడు.

నేను వెళ్లేసరికి మేస్త్రీ ఇసుక జల్లిస్తున్నాడు. హాల్లో పాటల స్పీకర్లు ఎక్కడెక్కడ రావాలో సేటు చూపిస్తుంటే, నేను గోడల మీద సుద్దతో గుర్తులు పెడుతూ, చెరుపుతూ పోతున్నాను. వాళ్లుంటున్న అద్దె ఇల్లు పక్కనే. సేటు భార్య వంట మధ్యలో మాటిమాటికీ తలుపు దాకా వచ్చి, వీధి చూసి, లోపలికి పోతోంది. ఎవరి కోసమని అడిగితే, జ్వరమొచ్చి చెవులు పోయినప్పటి నుంచి ఆమెకు అదే అలవాటని మామూలుగా చెప్పాడు సేటు.

ఆమె టీ తెచ్చినప్పుడు ఎదురుగా నిలబడి, పెదాలు తెలిసేలా నెమ్మదిగా అడిగాను. "అక్కా, గీ ఇంట్ల నీకేం కావాలె?"

ఆమె ముందు భర్త వంక చూసింది. "బెల్లు కొడితే నాకు ఇనరాదు తమ్మీ. ఎవరొచ్చిన్రో అని పొద్దంత తలుపు దిక్కే పానం కొట్టుకుంటది."

బెల్లు నొక్కగానే లైటు మెరిసేలా చెయ్యొచ్చని చెప్పాను. సేటు ఇబ్బందిగా కదిలాడు.

"నాకెప్పుడు చెప్పలే" అన్నాడు మెల్లగా.

ఆమె అతని పెదాలే చూస్తోంది. "నువ్వెప్పుడు అడిగినవ్?" అంది, కోపం లేకుండా.

ఆ తర్వాత ఆయన స్పీకర్ల ఊసెత్తలేదు. మేస్త్రీని బతిమాలి వంటింటి గోడను చివరికి ఉంచాం. గేటు నుంచి వంటింటికీ, పడకగదికీ గాడి కొట్టించి పైపులు వేశాను. తిరుగు రైల్లోనూ మనసు నిలవలేదు. మూల మలుపులో పైపు నలిగితే వైరు దిగదు, గోడ మళ్లీ పగలగొట్టాలి.

నలగలేదు. గృహప్రవేశం అయ్యాక సేటు ఫోన్ చేశాడు. లైటు బాగానే మెరుస్తోందట, ఆమె పొయ్యి దగ్గర నిమ్మళంగా ఉంటోందట. అయితే డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు తెలియడం లేదని, అక్కడా ఒకటి అడుగుతోందట. పైకి పైపు లేదు, బయటి గోడ వెంట వైరు లాగాల్సి వస్తుంది, చూడ్డానికి బాగుండదని చెప్పాను.

"బాగలేకున్నా ఏం కాదు, జర జల్ది రా" అన్నాడు.