గ్యాస్ పిన్ని

మా పిన్ని ఉద్యోగం గ్యాసు. ఈ మాట ఎవరితో అన్నా తంటాయే. పక్కింటివాళ్ళు సిలిండరు ఎప్పుడొస్తుందని అడుగుతారు. బాబాయి స్నేహితులు "గ్యాస్ కొట్టడానికి కూడా జీతమిస్తున్నారా?" అని పళ్ళికిలిస్తారు. పిన్ని అత్తగారైతే మాట పూర్తికాకముందే అజీర్తి మాత్ర చేతిలో పెడుతుంది. పిన్ని నోరు మూసుకుని మింగుతుంది. కోడలికి ఆ మాత్రం ఓర్పు ఉండాలి మరి.

నిజానికి పిన్ని విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం లెక్కలు చేస్తుంది. పరమాణువులను ఊహకందనంత చల్లబరిచి, ఒక్క వరసలో తప్ప నిలబడే వీల్లేని సన్నటి లేజరు సందులోకి తోస్తే అవి ఎలా మసలుకుంటాయన్నది ఆవిడ లెక్క. ఆ పరమాణువుల గుంపునే వాళ్ళు గ్యాసంటారు. వాటిలో రెండు జాతులు.

"బోసాన్లు మా పుట్టింటివాళ్ళు. ఎంతమందైనా ఒకే సోఫాలో ఇరుక్కుంటారు. ఫెర్మియాన్లు మా అత్తగారు. ఆవిడ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది" అని నాకు చెప్పింది, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.

కిటికీ పక్కనుండే ఆ పేము కుర్చీలో చిన్నప్పుడు నేనొకసారి కూర్చున్నాను. మళ్ళీ ఆ సాహసం చేయలేదు.

రెండు జాతులనూ సందులో కలిపి నింపితే బోసాన్లు నడిమధ్యన చేరతాయని, ఫెర్మియాన్లు కొసలకు జరుగుతాయని పిన్ని లెక్క తేల్చింది. కింది అంతస్తు ప్రయోగశాలలో ఉండే లేజర్ల ఆయన నిజంగానే నింపి ఫొటో తీశాడు. అంతా కలగాపులగం! మధ్య లేదు, కొస లేదు.

"గ్యాసేనన్నమాట" అన్నాడు విభాగాధిపతి, ఎప్పటినుంచో దాచుకున్న జోకు బయటికి తీసి. పిన్నిది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించాలంటే లెక్క, ఫొటో కలవాలని ఆయన ముందే చెప్పాడు. కొంప మునిగింది.

ఇంటికొచ్చిన పిన్ని ఎదురుగా కనిపించిన ఖాళీ కుర్చీలో కూలబడింది. అది ఆ కుర్చీయే. నేను వంటింటి వైపు చూశాను.

అత్తగారు నీళ్ళగ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది. "అమ్మాయ్, అది నా కుర్చీ."

"ఖాళీగా ఉందిగా, అత్తయ్యా."

"ఇప్పుడేగా లేచాను! చెయ్యిపెట్టి చూడు, వేడి కూడా తగ్గలేదు."

పిన్ని చెయ్యిపెట్టి చూసింది. చూసి, చెంప మీద ఠపీమని కొట్టుకుంది. అత్తగారు కంగారుపడి మాత్రల డబ్బా కోసం వెళ్ళింది.

పిన్ని పొరపాటు అక్కడుంది. లెక్కంతా అసలు వేడే లేదనుకుని చేసింది. లేజర్ల ఆయన వరస పొడుగు కొలిచి "ఇంతకన్నా చల్లగా ఉండదు" అంటే నమ్మేసింది. ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకునే ఆ వరస రవ్వంత వేడికి పొడుగు మారదు. పైకి చూస్తే అదే వరస. లోపల ఎవరు మధ్యన, ఎవరు కొసనన్న మర్యాద మాత్రం ఆ రవ్వంతకే గాలికి పోతుంది. ఆ కాస్త వేడీ కలిపి మళ్ళీ లెక్క చేస్తే ఫొటో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఇప్పుడు లేజర్ల ఆయన ఆ కలగాపులగం చూసే వేడి కొలుస్తున్నాడు.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు విభాగాధిపతి, సంతకం పెడుతూ. ఏమనుకున్నాడో పిన్ని అడగలేదు.

ఆ సాయంత్రం పిన్ని గుమ్మంలోంచే అరిచింది. "అత్తయ్యా, ఉద్యోగం ఉంది! నా గ్యాసు నిజమే!"

"నిజం కాకపోతే ఇన్ని మాత్రలు ఎందుకిచ్చాను?" అంది అత్తగారు. తర్వాత, నేను చూస్తుండగానే, కుర్చీలోంచి లేచి పక్కన నిలబడింది.

"కూర్చో. ఇందాకట్నుంచీ వెచ్చబెడుతున్నాను."