ఊరికే ఎక్కిన రైలు

కూతురి కాన్పుకని నేను వెళ్లిన లక్సెంబర్గ్ దేశంలో రైలుకు టికెట్టు లేదు. ఎక్కడం, దిగడం, అంతే. అల్లుడు చెబితే ఎగతాళి అనుకున్నాను. నిజమని తేలాక ఇంట్లో కాలు నిలవలేదు. బిడ్డకు నీళ్లు పోసి పడుకోబెట్టి, రోజూ ఏదో ఒక రైలెక్కి వచ్చేదాన్ని.

"ఊరికే ఎందుకు తిరగతావు మా?" అని కూతురు విసుక్కుంది.

"ఊరికే కాబట్టే తిరగతా ఉండా. దుడ్డు పెట్టి తిరిగేదానికి నాకేమన్నా పిచ్చా?"

"ఒక్కసారి తప్పిపోతివంటే సూడు, మళ్లీ ఒక్కదానివే గడప దాటేది లేదు."

సరేనన్నాను.

చిత్తూరు నుంచి తిరుపతికి పోయేంతలో ఆ దేశం అయిపోతుంది. అక్కడి అక్షరాలు నాకు రావు. అందుకని దిగాల్సిన చోటికి ఒక నీళ్ల ట్యాంకును గుర్తు పెట్టుకున్నాను. ఒక రోజు ట్యాంకు కనబడగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. రైలు ఆగింది. తలుపు తెరుచుకోలేదు. రోజూ ఎవరో ఒకరు నాకంటే ముందు దిగేవారు, ఆ రోజు నేనొక్కదాన్నే. పక్కన ఏదో బటన్ వెలుగుతోంది. రైల్లో చైను ముట్టుకుంటే పోలీసులు పట్టుకుపోతారని చిన్నప్పుడు పాకాల బండిలో మా నాయన బెదిరించి పెట్టాడు. చైనైనా బటనైనా ఒకటేలే అని చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాను. రైలు కదిలిపోయింది.

తర్వాతి స్టేషన్లో సైకిలుతో దిగబోతున్న ఒక అమ్మాయి ఆ బటనే నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఆమెను ఎవరూ పట్టుకుపోలేదు. వెనకాలే దిగి, కూతురికి ఫోను కలిపి ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఇంగ్లీషులో ఏదో చెప్పి, నవ్వుతూ తిరిగిచ్చింది.

"మా, నువ్వు ఫ్రాన్సులో ఉండావు!"

"ఈడ కూడా ఊరికేనా?"

"కాదు! ఆడ టికెట్టు తియ్యాల!"

టికెట్టు లేకుండా ఎక్కితే దొంగనవుతాను. తియ్యాలంటే ప్రాణం ఒప్పదు. బెంచీ మీద కూర్చుండిపోయాను. చివరికి అల్లుడే వచ్చాడు.

"ఏమత్తా, ఒక దేశం సాల్లేదా?"

"అది అంత సిన్నదిగా ఉంటే నేనేం సేసేది నాయనా?"

ఇంటికొచ్చేసరికి కూతురు తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. ఆమె నోరు తెరవకముందే అందుకున్నాను.

"యాడుండానో తెలవకపోతే కదమే తప్పిపోయినట్టు? ఫ్రాన్సులో ఉండావని నువ్వే సెప్తివే!"

కోపంగా ఉండాలని చూసింది గానీ చేతకాలేదు. కుట్లు లాగుతాయని కడుపు పట్టుకుని మరీ నవ్వింది. గడప మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

మర్నాడు ఉత్తరం వైపు రైలెక్కాను. అటు దేశం కొంచెం పొడుగని అల్లుడు చెప్పాడు.