రాతికెక్కని ముఖం

ల్యూబింకా ముందు ఎవరైనా "ఫైలు పంపించండి" అన్నారంటే ఆమె ఒంటికాలి మీద లేచేది. చాచక్ ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా ఆమె స్టూడియోలోకి వచ్చి ఆ మాటే అనేవాళ్లు. ఏం చేస్తారు, ఈ రోజుల్లో జనానికి ఫోటో అక్కర్లేదు, ఫైలే కావాలి.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. ఫిలిం రోజుల్లో పెళ్లికి వెళ్తే సంచిలో పట్టినన్ని రోళ్లే తీసుకెళ్లేది. రోలు అయిపోతుందన్న భయంతో ముందు చూసేది, తర్వాత నొక్కేది. ఇంటికొచ్చి రోళ్లు కడిగి, ప్రింట్లు వేసి, ఆల్బం చేతిలో పెట్టేస్తే ఆ పెళ్లి అక్కడితో సరి. డిజిటల్ కెమెరా కొన్నాక, పెళ్లివాళ్లు పడుకున్నాక ఈమె పని మొదలయ్యేది. వేలకొద్దీ బొమ్మలు. పెళ్లికొడుకు మేనమామ ఒకే పంది మాంసం ముక్క నములుతూ ఇరవై ఫోటోల్లో కనిపించేవాడు. అందులో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేసేది. అంత చేసినా మధ్యాహ్నం ఎండలో పెళ్లికూతురి గౌను సున్నం వేసిన గోడలాగా తెల్లగా మాడిపోయేది. ఫిలిం మీద అదే ఎండలో లేసు దారాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. డిజిటల్ గురించి ఆమె ఒప్పుకున్న మంచి ఒక్కటే. చీకటి హాల్లో గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ల కాళ్లు అలుక్కుపోకుండా వస్తాయి. ఆ మాట కూడా కషాయం తాగినట్టు మొహం పెట్టి చెప్పేది.

ఇలా ఉండగా ఒక శరత్కాలంలో విదోయె తన భార్య దేసంకాను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. విదోయె ల్యూబింకాకు కుమ్, అంటే ఆమె పెళ్లికి సాక్షిగా నిలబడినవాడు. రక్తం పంచుకుని పుట్టకపోయినా, కుమ్ నోటి మాట కాదనడం ఉండదు. డెబ్బై నిండాయి, బస్సు నడిపే ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది, ఇక సమాధి రాయి నిలబెట్టుకునే వయసు. పోయాక పిల్లలు ఏ రాయి పెడతారో ఏమో అని, బతికుండగానే భార్యాభర్తల ముఖాలు చెక్కించుకుని, పుట్టిన ఏడాది పక్కన రెండో ఏడాదికి చోటు వదిలెయ్యడం అక్కడ అందరూ చేసేదే.

"ల్యూబా, మమ్మల్ని రాయి ఎక్కించాలమ్మా నువ్వు. ఊరంతా శ్మశానానికి వచ్చే మృతుల శనివారం నాటికి నిలబెట్టాలి," అన్నాడు విదోయె, బల్ల మీద ఆల్బుఖారా పండ్ల సారా సీసా పెడుతూ.

"ఎక్కిస్తా కుమె. కానీ ఆ డిజిటల్ డబ్బాతో కాదు, ఫిలిం మీద."

"దేని మీదైనా సరే, నన్ను అందంగా తియ్యి."

"అందాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం!" అంది దేసంకా. "నలభై ఐదేళ్లుగా నేనూ వెతుకుతున్నా, దొరికితేగా!"

ముగ్గురూ నవ్వారు. చిన్నప్పుడు బళ్లో ఎవడో మంచుముద్దలో రాయి పెట్టి విసిరితే విదోయె ఎడమ కంటి రెప్ప సగానికి వాలిపోయింది. ఊళ్లో అందరూ ఒంటికన్ను విదోయె అనే పిలుస్తారు. బస్సులో ఎవరైనా "ఒక కన్నుతో ఎలా నడుపుతావయ్యా?" అంటే, "రెండోది నీ పెళ్లాం మీద ఉందిలే," అనేవాడు. అతని కంటే ముందు బస్సంతా నవ్వేది. ల్యూబింకాకు ఆ వాలిన రెప్పంటే ప్రాణం. ఆ రెప్ప వల్లే అతని ముఖంలో ఎప్పుడూ ఏదో కొంటెతనం ఉండేదని ఆమె నమ్మకం. ఆ ముఖం ఉన్నదున్నట్టు రాయి మీదికి ఎక్కాలి. ఆల్బం కాదుగా, నచ్చకపోతే మళ్లీ తీద్దాం అనుకోవడానికి.

కాబట్టి ఆమె పాత పెద్ద కెమెరా బయటికి తీసింది. పన్నెండు నలుపు తెలుపు ఫోటోల రోలు. మొదటి అయిదారింటిలో విదోయె చర్చిలో పాదిరీ ఎదుట నిలబడినట్టు బిగుసుకుపోయాడు. తర్వాత ఫోటోలో తనెలా పడుతున్నాడో తెలిసే దారి లేక విసుగొచ్చి వదిలేశాడు. దేసంకా "ఆ కాలర్ చూసుకో, గోనెసంచిలా ఉంది," అని కసిరితే అటు తిరిగి చూశాడు. ల్యూబింకా అప్పుడు నొక్కింది. రోలు కడిగి, ప్రింటు వేసి చూస్తే అది విదోయే. నెరిసిన మీసంలో పొగాకు పసుపు తప్ప అన్నీ ఉన్నాయి. దేసంకా ఆ కాగితాన్ని వేలితో నిమిరి, "మా ఆయనే," అని కళ్లు తుడుచుకుంది. విదోయె ఒకసారి చూసి "బాగుంది" అని గ్లాసులు నింపే పనిలో పడ్డాడు.

గొడవంతా రాళ్లు చెక్కే నెబోయ్షా దగ్గర మొదలైంది. ఇప్పుడు ఉలితో చెక్కేవాళ్లు ఎవరున్నారు, నల్లరాతి మీద చుక్కలు పొడిచే మిషన్ ఒకటి వచ్చింది. దానికీ ఫైలే కావాలి. ల్యూబింకా పళ్లు నూరుకుంటూ నెగెటివ్‌ను స్కానర్‌లో పెట్టి, దుమ్ము మచ్చలు ఒక్కొక్కటీ తుడిచి పంపింది. మర్నాడు నెబోయ్షా ఒక రాతిముక్క మీద పొడిచి చూపించాడు.

"ఇదేంట్రా, మా కుమ్‌కి మశూచి తెప్పించావు?"

"నేనేం తెప్పించలేదు పిన్నీ. మీ ఫిలిం బొమ్మలో నూకలాగా సన్న చుక్కలుంటాయిగా, మిషన్ వాటిని కూడా వదలకుండా పొడిచింది."

"మరి ఈ కన్నేంటి, ఎలక తవ్విన బొరియలా ఉంది?"

"అక్కడ మీరు నీడలో నీడ పెట్టారు. కాగితం మీద బంగారం, కాదన్ను. కానీ రాయికి తెలిసింది నలుపూ తెలుపూ. మీ బూడిదరంగులన్నీ ఎక్కడ దాచుకుంటుందది?"

"నీ మిషన్‌కి చూపు లేకపోతే తప్పు నా ఫోటోదా?"

"తప్పెవరిదైనా నాకు శనివారం నాటికి రాయి నిలబెట్టాలి. డిజిటల్‌లో తీసి పంపండి పిన్నీ, మీకు పుణ్యముంటుంది."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి పోయి అదే ఫోటోను గట్టి నలుపు తెలుపుల్లో మళ్లీ ప్రింటు వేసింది, స్కాన్ చేసింది, పంపింది. మళ్లీ మశూచే. ఇంకోసారి చేసింది. ఈసారి మచ్చలు పోయాయి, వాటితో పాటు మీసమూ పోయింది. తను చెప్పేది నిజం. ఆ నెగెటివ్‌లో ఉన్నంత వెలుగూ నీడా ఏ డిజిటల్ డబ్బాలోనూ లేదు. ఆ నిజంతో రాయికి మాత్రం పని లేదు. చివరికి తల ప్రాణం తోకకొచ్చి, విదోయెకు ఫోన్ చేసి రమ్మంది.

ఈసారి డిజిటల్ డబ్బా చేతికి తీసుకుని ముందు దేసంకాను తీసింది. నాలుగు నొక్కులతో అయిపోయింది. ఆవిడ సంతకు పోయి మిరపకాయలు కొనుక్కొస్తానని వెళ్లిపోయింది. ఆ తర్వాత విదోయె కూర్చున్నాడు, ల్యూబింకా నొక్కింది.

"చూపించు," అన్నాడు.

చూపించింది. అతను గడ్డం పైకెత్తాడు. మళ్లీ నొక్కింది.

"చూపించు."

ఇదీ ఆ డబ్బాతో వచ్చిన తంటా. ఫిలిం అయితే తన ముఖం తనకి కనిపించక మనిషి కాసేపటికి మామూలైపోతాడు. ఇది ప్రతిసారీ అద్దం చేతికిచ్చినట్టే. విదోయె భుజాలు సర్దుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు, కుడి కనుబొమ్మ కిందికి లాగి ఎడమది పైకి ఎత్తాలని చూశాడు. రోలు అయిపోతుందన్న బెంగ లేకపోవడంతో అలా సాగుతూనే ఉంది. చివరికి వచ్చేసరికి కుర్చీలో బస్సు డ్రైవర్ లేడు, రిబ్బను కత్తిరించడానికి వచ్చిన మంత్రిగారున్నారు.

"ఇది," అన్నాడు ఆ మంత్రిగారి ఫోటో మీద వేలు పెట్టి. "ఇందులో ఆ రెప్ప కూడా ఎత్తెయ్. కంప్యూటర్లో కన్ను తెరవొచ్చటగా, నెబోయ్షా చెప్పాడు."

ల్యూబింకాకు ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలు కుమె ఇవి? కన్ను తెరిస్తే అది నువ్వెలా అవుతావు? ఎవడో దారినపోయేవాడు అవుతాడు! నీ ముఖం కోసం నేను వారం నుంచి తిండీ నిద్రా మానుకుని చస్తుంటే..."

"నా ముఖమేనా అది?" అన్నాడు విదోయె. గొంతు పెంచలేదు. "నువ్వు తీసిన మా పిల్ల పెళ్లి ఫోటోలో ఆ కన్నే. మా పిల్ల జ్ఞానస్నానం ఫోటోలో ఆ కన్నే. ఒక్కసారైనా నా కుడివైపు నుంచి తీశావా నువ్వు? వెతికి మరీ ఇటునుంచి తీస్తావు."

"నీకు... నువ్వే కదా దాని మీద జోకులేసేది!"

"వెయ్యక? ఊరంతా ఒంటికన్ను అంటుంటే ఏడుస్తూ బస్సు నడపనా? నేనే ముందు అనేస్తే వాళ్లు అనడానికి ఏం మిగలదు, అందుకని అన్నాను. చచ్చాక కూడా నన్ను అదే జోకు వెయ్యమంటావా ల్యూబా?"

ల్యూబింకాకు అతని మీద కోపం, తన మీద కోపం, ఇన్నేళ్లూ తనకు సిగ్గు లేకుండా ఆ రెప్పను తెచ్చి ఇచ్చిన ఫిలిం మీద కూడా కోపం వచ్చింది. నెబోయ్షా చేతికిస్తే కుడి కన్నునే తిప్పి అతికిస్తాడని తెలుసు కనుక తనే కూర్చుంది. రెప్ప చెరిపింది, కన్ను గీసింది, నచ్చక తుడిచింది, మళ్లీ గీసింది. ముఖం ఎంత చక్కబడితే ఆమెకు అంత కడుపు మండింది. కుమ్ అడిగాడు కనుక పూర్తి చేసి, తన చేత్తోనే ఫైలు పంపింది.

మృతుల శనివారం నాడు శ్మశానం నిండా జనం. కొవ్వొత్తులు, ఉడికించిన గోధుమలు, సారా సీసాలు. కొత్త నల్లరాయి ముందు విదోయె పొద్దున్నించీ నిలబడి పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ పిలిచి చూపిస్తున్నాడు. "ఏమయ్యా విదోయె, మంత్రివయ్యావే!" అంటే పొంగిపోయి గ్లాసు అందిస్తున్నాడు. ఆ రోజు ఎవరూ అతన్ని ఒంటికన్ను అని పిలవలేదు.

అప్పటిదాకా ఇంట్లో గోధుమల పనిలో ఉన్న దేసంకా ఆలస్యంగా వచ్చింది. రాయిని అప్పుడే మొదటిసారి చూడడం. ముందు తన ముఖం చూసుకుని, బాగుందన్నట్టు తలాడించింది. తర్వాత పక్కదాన్ని చాలాసేపు చూసింది. గాలికి కొవ్వొత్తి ఆరిపోయినా వెలిగించుకోలేదు. ల్యూబింకా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ల్యూబా, ఇక్కడ నేను పడుకోవాల్సింది ఎవరి పక్కనే?"

విదోయె రాతి దగ్గర వంగి, తన కొత్త కన్ను మీద పడిన దుమ్మును జేబురుమాలుతో మెల్లగా తుడుస్తున్నాడు.