నన్నారి కొమ్మతో ఆళ్లగడ్డకు

మా చర్చిలో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండుకు మొదలై మూడు దాకా సాగుతుంది. పొద్దున్నుంచి ఉపవాసం ఉన్నవాళ్లు ఎండలోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర నన్నారి షర్బత్తు సిద్ధంగా ఉండాలి. చాలా ఏళ్లుగా ఆ పని నాది. నంద్యాల మార్కెట్లో వేర్లు కొని, దంచి, రాత్రంతా నానబెట్టి, పాకం పడతాను. ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వను. చక్కెర పారబోస్తారు.

ఈసారి వేర్లు దొరకలేదు. కొండలో తవ్వనివ్వడం లేదనీ, తవ్వినా ముందులాగా తీగే కనబడడం లేదనీ వేర్లమ్మే అతను చేతులెత్తేశాడు. గడివేములలో మా పెరట్లో మాత్రం ఒక నన్నారి తీగ ఉంది. ఒకప్పుడు అతనిచ్చిన మొలక గడ్డనే నాటాను. ఇప్పుడు కానుగ చెట్టు సగం దాకా పాకింది. దాన్ని తవ్వితే ఈ ఏటికి గడిచిపోతుందని ఎస్తేరు వదిన పట్టుబట్టింది. ఆమె మా అన్న భార్య, చర్చి స్త్రీల సమాజానికి పెద్ద.

నేను ఒప్పుకోలేదు. మా వైపు షర్బత్తుకు రెండు రకాల వేర్లు వాడతారు. చేల గట్ల మీద దొరికే సుగంధిపాల ఒకటి, కొండ తీగ రెండోది. నాది గట్టుదైతే ఆ రోజే తవ్వేస్తాను. కొండదైతే, కరువైపోతున్న దాన్ని గ్లాసుల్లో పోసి తాగడానికి నా మనసు ఒప్పదు. ఆళ్లగడ్డ దాటాక అహోబిలం దారిలో అడవి మొక్కలు పెంచే నర్సరీ ఒకటి ఉందని, అక్కడ చూసి చెప్తారని విన్నాను. పండుగ వారంలో సోమవారమే వదినా నేనూ బయలుదేరాం.

తెల్లారగానే ఒక కొమ్మ తుంచాను. తీగకు ఒక పక్క మట్టి తీసి వేలంత వేరు ముక్క కోసి, మట్టి మళ్లీ కప్పి, రెండింటినీ తడి గుడ్డలో చుట్టాను. గడప దాటే ముందు కోడలు సునీతకు పని అప్పజెప్పాను. తీగ మొగ్గ తొడిగింది, నేను వచ్చేసరికి పూత అంతా గిల్లి పారేయమని. ప్రతి ఏడూ నేనే గిల్లుతాను. సునీత చెడ్డది కాదు గాని, పొద్దున చెప్పిన పని పొద్దున చేసిన మనిషి కాదు. అందుకే రెండుసార్లు చెప్పాను.

ఆరున్నర బస్సు. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. వదిన తన కార్డును చిత్రాన్నం గిన్నె కింద, సంచి అడుగున పెట్టింది. ఆమె గిన్నె తీసి నా ఒళ్లో పెట్టి, కార్డు వెతికి చూపించేదాకా కండక్టర్ నిలబడ్డాడు. వెళ్లేవాళ్లు కార్డు చేతికందేలా పెట్టుకోండి. నీళ్లు, అన్నం ఇంటినుంచే తీసుకుపోండి.

నంద్యాల బస్టాండులో ఎనిమిదికి ఆళ్లగడ్డ బస్సు దొరికింది. ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. శిరివెళ్ల దాటాక ఆ వైపే నల్లమల వరసగా కనిపిస్తూ వస్తుంది. వెనక సీట్లో ఒక పెద్దాయన, ఆళ్లగడ్డలో రాతి విగ్రహానికి బయానా ఇవ్వడానికి పోతున్నాడట, ముక్కు ఎగబీల్చి లేచి చూశాడు.

"ఎవురమ్మా ఈడ షర్బత్తు ఒలకబోసింది?"

తడి గుడ్డలో వేరు ఉందని వదిన చెప్పేసింది. చిన్నప్పుడు అది నమిలేవాడినని, ఒక ముక్క ఇమ్మని చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. దీనికి ఆళ్లగడ్డలో పరీక్ష ఉంది, అయ్యాక చూద్దామన్నాను. వేరుకు పరీక్షేందని నవ్వుకుంటూ కూర్చున్నాడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పక్క ఉలుల చప్పుడు మొదలై ఉంది. సగం చెక్కిన దేవుళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. ఆటో అతను మనిషికి ముప్పై అడిగితే ఇరవైకి ఒప్పించాను.

నర్సరీలో షబానా అనే అమ్మాయి ఉంది. నంద్యాల పిల్లే, మొక్కల చదువు చదివింది. నేను గుడ్డ విప్పగానే, వాసన చాలు, ఇది కొండదేనని నా అభిప్రాయం చెప్పాను. రెండింటికీ అదే వాసన అవ్వా, ముక్కును నమ్మొద్దు అంది. రెండు కుండీలు తెచ్చి నా కొమ్మ పక్కన పెట్టింది. సుగంధిపాల ఆకు సన్నం, నడిమి ఈనె వెంబడి తెల్లచార. వేరు తీగలాగా పలచన. రెండో దాని ఆకు మందం, కొసవైపు వెడల్పు. వేరు కండపట్టి ఉంటుంది. దాన్ని మారేడు గడ్డ అంటారట గాని, మూడేసి ఆకుల మారేడు చెట్టుతో దానికి చుట్టరికం లేదట. ఆ రెండు తీగలనూ పుస్తకాల్లో ముందు జిల్లేడు కుటుంబంలో రాశారట, ఇప్పుడు గన్నేరు కుటుంబంలో కలిపారట.

"తీగలకు గూడా ఇంటిపేరు మారుస్తారా?" అంది వదిన.

"నీకు మార్చలేదా?" అన్నాను.

షబానా నా వేరు ముక్కను విరిచి చూసింది. "ఇది కొండదే అవ్వా. మన దక్షిణాది కొండల్లో తప్ప యాడా లేదు. గడ్డ కోసం తల్లి వేరుతో సహా పెరికేస్తాండారు, ఇంగ విత్తనం యాడ పడతాది?"

నేను వదిన వైపు చూశాను. ఆమె చిత్రాన్నం సంచి వైపు చూసుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ అమ్మాయి కాయలు తెచ్చారా అని అడిగింది. నర్సరీలో నారు పోయడానికి విత్తనమే లేదట. కొండలో కాయ పట్టేదాకా మిగిలిన తీగ ఈ ఏడు ఇంకా ఒక్కటీ వాళ్ల కంటబడలేదట.

నాకన్నా ముందు వదినే చెప్పింది. "కాయా? ఈమె పూతనే నిలబడనీదు. మొగ్గలప్పుడే గిల్లేస్తాది."

"ఎందుకవ్వా?"

వయసులో పొగాకు చేలలో పని చేశాను. అక్కడ పూత తుంచితే ఆకు బరువెక్కుతుంది. అదే లెక్కన ఇక్కడ బలమంతా గడ్డకు దిగాలని గిల్లుతున్నానని చెప్పాను. షబానా నవ్వలేదు. పొగాకుకు అది సరైన పనే, దీనికి మాత్రం పూత ఉంచమంది. కాయ పండి పగిలితే విత్తనానికి దూది ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. పగలకముందే పలుచని గుడ్డ సంచి కట్టి, పండాక తెచ్చివ్వమంది. తెస్తానని మాటిచ్చాను.

మాట ఇచ్చాకే సునీతకు అప్పజెప్పిన పని గుర్తొచ్చింది.

నాకు ఫోన్ లేదు. వదిన ఫోన్‌తో అక్కడినుంచే చేయించాను, సిగ్నల్ లేదు. నీడలో గబగబా చిత్రాన్నం తిన్నాం. ఆటో కోసం చాలాసేపు నిలబడ్డాం. ఈసారి అతను అడిగినంతా ఇచ్చాను. ఆళ్లగడ్డలో మళ్లీ చేస్తే మోగింది గాని సునీత ఎత్తలేదు. రెండు గంటల బస్సెక్కి మళ్లీ చేశాం, ఎత్తలేదు.

శుక్రవారం ఏమి చేద్దామని వదిన అడిగింది. మజ్జిగ అన్నాను. సంఘం వాళ్లు ఒప్పుకోరంది. ఒప్పుకోని వాళ్లు ఇంటికి పోయి నీళ్లు తాగుతారు, అడిగిన వాళ్లకు కారణం నేనే చెప్తానన్నాను. పెరుగు తన ఇంటినుంచే తెస్తానంది.

శిరివెళ్ల దగ్గర సునీత పలికింది.

"పూత గిల్లినావా?" అన్నాను.

"లేదత్తా. ఇప్పుడే అన్నం తిని పండుకొంటి. ఎండ తగ్గినాక గిల్లుతాలే, అరవొద్దు."

"గిల్లొద్దు. తీగ మీద చెయ్యి పెట్టొద్దు. మళ్లీ పండుకో."

అవతల మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టుంది.

"అత్తా, నీకు ఒంట్లో బాగుండాదా?"

వదిన నంద్యాల దాకా నవ్వుతూనే ఉంది. కొమ్మ పట్టుకుని పోయి కొమ్మ పేరు తెలుసుకుని వచ్చే ప్రయాణం చిన్నదే, ఒక రోజు పని. పోవలసిన ప్రయాణమే. నేను కిటికీ వైపు తిరిగి, పాత చీరల్లో ఏది పలుచనో, దానికి ఎన్ని సంచులు వస్తాయో ఆలోచించుకుంటూ కూర్చున్నాను.